తోటకూర కాడలా వేలాడే బిడ్డ

"డాక్టరమ్మగారూ, ఈ పిల్ల నా కాళ్ల మీద నిలవటం లేదండీ. జారిపోతంది."

ఆ మాట అన్నది పాప తల్లి కాదు, అమ్మమ్మా కాదు. పురిటిబిడ్డలకు నీళ్లు పోసే ముసలమ్మ. 2004 వేసవిలో ఒక సాయంత్రం, ఓపీ ముగించి లేవబోతుంటే నలుగురూ వచ్చారు. పాపకి 22 రోజులు. పుట్టినప్పుడు బరువు 2.9 కిలోలు. పుట్టగానే ఏడ్చింది. పాలు తాగుతోంది, కాకపోతే కాస్త నెమ్మది. పుట్టిన ఆస్పత్రిలో అంతా బాగుందని రాసిచ్చారు. తల్లికీ తండ్రికీ ఏ అనుమానమూ లేదు. ముసలమ్మే పట్టుబట్టి వాళ్లని ఆటో ఎక్కించిందట.

మన ఇళ్లలో పసిబిడ్డకి స్నానం ఎలా చేయిస్తారో మీకు తెలుసు. పీట మీద కూర్చుని, కాళ్లు బారజాపి, వాటి మీద బిడ్డని పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి, వేడినీళ్లు పోస్తారు. ఆ వేళ బిడ్డ ఊరుకోదు. కాలు చాపితే టక్కున ముడుచుకుంటుంది. చెయ్యి లాగితే వెనక్కి లాక్కుంటుంది. ఆ చిన్న పెనుగులాట ముసలమ్మ చేతులకి ముప్ఫై ఏళ్ల అలవాటు. ఈ పిల్ల దగ్గర అది దొరకలేదు.

"మా అత్త కాలం నించీ పోస్తన్నానండీ. ఇలాటి పిల్లని చూళ్లేదు. తోటకూర కాడలాగుంది" అంది.

ఇరవై ఏళ్లు దాటినా నేను మరిచిపోని మాట అది. పిల్లల డాక్టర్లు ఇలాంటి బిడ్డని ‘ఫ్లాపీ ఇన్‌ఫాంట్’ అంటారు. పిల్లల కండరాల జబ్బుల మీద జీవితమంతా పనిచేసిన లండన్ డాక్టర్ విక్టర్ డుబోవిట్జ్ 1969లో ఆ పేరుతోనే ఒక పుస్తకం రాశారు. పీజీ చదివే రోజుల్లో ఆ పుస్తకం నుంచి మాకు నేర్పిన మొదటి ప్రశ్న ఒకటుంది. బిడ్డ బలం లేక మెత్తగా ఉందా, బలం ఉండీ మెత్తగా ఉందా? వినడానికి చిక్కుప్రశ్నలా ఉంటుంది గానీ సగం రోగనిర్ధారణ అందులోనే ఉంది.

ముందు ఒక సంగతి. మనం ఊరికే కూర్చున్నప్పుడు కూడా కండరాలు పూర్తిగా వదిలెయ్యవు. కొంచెం బిగువుతో, పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉంటాయి. ఆ బిగువు తగ్గడాన్ని హైపోటోనియా అంటాం. జ్వరం ఎలాగైతే జబ్బు పేరు కాదో ఇదీ అంతే. ఇంట్లో ఫ్యాను తిరగడం లేదనుకోండి. కరెంటే పోయిందా, ట్రాన్స్‌ఫార్మర్ కాలిందా, వైరు తెగిందా, స్విచ్చు పాడైందా, ఫ్యానే చెడిపోయిందా? బిడ్డలోనూ అంతే. మెదడు, వెన్నుపాము, నరం, నరం వచ్చి కండరాన్ని తాకే చోటు, చివరికి కండరం... వీటిలో ఎక్కడ తేడా వచ్చినా బయటికి కనిపించేది ఒకటే. బిడ్డ వేలాడిపోతుంది.

ఆ పాపని బల్ల మీద పడుకోబెట్టాను. కాళ్లు రెండూ కప్పకాళ్లలా పక్కలకి పరుచుకుని ఉన్నాయి. రెండు చేతులూ పట్టుకుని నెమ్మదిగా కూర్చోబెట్టే ప్రయత్నం చేస్తే తల వెనక్కే ఉండిపోయింది. మూడు వారాల పిల్లకి తల కాస్త వెనకబడటం మామూలే, కానీ మెడ కనీసం ప్రయత్నించాలి. ఇక్కడ ప్రయత్నమే లేదు. బోర్లా తిప్పి నా అరచేతి మీద ఎత్తితే తీగ మీద ఆరేసిన తడి తువ్వాల్లా రెండు వైపులా వేలాడింది. చంకల కింద పట్టుకుని లేపితే భుజాలు పైకి జరిగి నా చేతుల్లోంచి జారింది. ముసలమ్మ చెప్పింది అక్షరాలా నిజం. (ఇవి చదివి ఇంట్లో ఎవరూ పసిపిల్లల మీద ప్రయత్నించకండి. మెడ జాగ్రత్త.)

మెత్తదనం తేలింది. ఇక కారణం ఎక్కడుందో వెతకాలి. ఇక్కడే చాలామంది తొందరపడి ఎమ్మారై రాసేస్తారు. నేనైతే ముందు మొహం చూస్తాను.

మెదడులో తేడా ఉన్న బిడ్డ మొహంలో చురుకు తక్కువ. పిలిస్తే పలకదు, వెలుతురు వైపు చూడదు, మగతగా ఉంటుంది, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. చిత్రమేమిటంటే బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి గట్టిగా బిగించి ఉంటుంది, మోకాలి మీద తడితే కాలు గట్టిగానే ఎగురుతుంది. అంటే వైరూ ఫ్యానూ బాగానే ఉన్నాయి, పైనుంచి ఆజ్ఞ సరిగ్గా రావడం లేదు. బలం ఉండీ మెత్తగా ఉండటం అంటే ఇదే. మెత్తగా ఉన్న పసిబిడ్డల్లో ఎక్కువమంది ఈ కోవలోకే వస్తారు. పుట్టగానే ఏడవక ప్రాణవాయువు అందని పిల్లలు, డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ తేడాలున్న పిల్లలు అందరూ ఇందులోనే.

ఈ పాప మొహం అలా లేదు. కళ్లు మిలమిలా మెరుస్తున్నాయి. నా మొహాన్నే చూస్తోంది, నేను పక్కకి జరిగితే కళ్లు నాతో పాటు జరిగాయి. కాళ్లలో మాత్రం కదలిక లేదు. మోకాలి మీద సుత్తితో తడితే ఏమీ లేదు. ఊపిరి తీసుకున్నప్పుడు పొట్ట పైకి లేస్తోంది, ఛాతీ లోపలికి పోతోంది. పక్కటెముకల మధ్య కండరాలు పనిచెయ్యక పొట్టతో ఊపిరి లాగుతోందన్నమాట. ఏడుపు ఆగాక నోరు తెరిపించి టార్చి వేసి చూశాను. నాలుక అంచుల్లో సన్నటి వణుకు. సంచిలో పురుగులు మెసులుతున్నట్టు, ఆగకుండా.

అది చూసేసరికి నాకు నోట మాట రాలేదు. కాసేపాగి తల్లిని అడిగాను, "మీది మేనరికమా అమ్మా?"

"ఆయ్, మా మేనమామేనండీ."

"ఇంతకు ముందు పిల్లలున్నారా?"

"ఒక బాబు పుట్టాడండీ. అయిదో నెల్లో నిమ్ముచేసి పోయాడు."

బాబు నిమ్ము వల్లనే పోయాడు, నిజమే. ఆ నిమ్ము ఎందుకొచ్చిందో అప్పుడు ఎవరూ అడగలేదు.

ఆ జబ్బు పేరు స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ. క్లుప్తంగా ఎస్‌ఎంఏ అంటారు. వెన్నుపాములో కండరాలని నడిపించే నరకణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. గైడో వెర్డ్‌నిగ్ అనే ఆస్ట్రియా డాక్టరు 1891లో దీన్ని మొదట వర్ణించాడు. జర్మనీలో యోహాన్ హాఫ్‌మన్ ఆ వెనకే రాశాడు. కారణమైన ఎస్‌ఎంఎన్1 జన్యువు దొరకడానికి మరో శతాబ్దం పట్టింది. పారిస్‌లో జుడిత్ మెల్కీ బృందం 1995లో కనిపెట్టింది. ప్రపంచం మొత్తం మీద సుమారు పదివేల కాన్పులకి ఒకరిలో వస్తుంది. తల్లి దగ్గరా తండ్రి దగ్గరా ఒక్కో చెడ్డ ప్రతి దాగి ఉంటే వాళ్లకేమీ కాదు, రెండూ బిడ్డకి చేరితేనే జబ్బు. ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం. దగ్గరి రక్తసంబంధంలో ఇద్దరి దగ్గరా ఒకే లోపం ఉండే వీలు ఎక్కువ కాబట్టే మేనరికం ఉందా అని అడుగుతాం. తప్పు పట్టడానికి కాదు. మేనరికం లేని ఇళ్లలోనూ ఈ జబ్బు చూశాను.

రక్తం హైదరాబాద్ పంపాం. ఫలితం వచ్చేసరికి వారాలు పట్టింది. వచ్చింది నేను అనుకున్నదే. అప్పట్లో దానికి మందు లేదు. ఆ సంగతి తల్లికి చెప్పిన మధ్యాహ్నం గురించి రాయలేను. పాప ఏడో నెలలో పోయింది. కళ్లు మాత్రం ఆఖరి దాకా అలాగే మెరుస్తూ ఉండేవి.

మందే లేనప్పుడు పేరు తెలిసి ఏం లాభం అని ఆ తండ్రి నన్ను అడిగాడు. దానికి జవాబు రెండేళ్ల తర్వాత దొరికింది. మళ్లీ గర్భం నిలిచినప్పుడు, పేరు తెలుసు కాబట్టి, మూడో నెలలో మాయలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. బిడ్డకి జబ్బు లేదని తేలింది. ఆ అమ్మాయి ఇప్పుడు కాలేజీలో చదువుతోంది.

ఇంతవరకు చదివి నేనేదో చూపుతోనే జబ్బు పట్టేసే డాక్టర్నని అనుకోకండి. దీనికి ఆరేళ్ల ముందు, 1998లో, నేను చేసిన తప్పు ఒకటుంది.

నెల బాబు. "బంగారుకొండ డాక్టరుగారూ, ఏడవనే ఏడవడు. పాలకి మేమే లేపాలి" అని తల్లి మురిసిపోతూ చెప్పింది. పుట్టినప్పటి పసిరికలు ఇంకా పూర్తిగా పోలేదు. నాలుగు రోజులకోసారి విరేచనం. బొడ్డు ఉబ్బెత్తుగా ఉంది. ఏడిస్తే గొంతు కాస్త బొంగురు. ఒళ్లు మెత్తగా, చల్లగా ఉంది. ఇప్పుడు రాస్తుంటే ఒక్కొక్క ముక్కా నా మొహం మీద కొడుతున్నట్టుంది. ఆ రోజు బయట నలభై మంది కూర్చుని ఉన్నారు. మలబద్ధకానికి మందు రాసి, కొందరు పిల్లలు ఇలాగే నెమ్మదిగా ఉంటారమ్మా, కంగారు పడకండి అని పంపేశాను.

నాలుగో నెలలో ఇంకో డాక్టరు థైరాయిడ్ పరీక్ష చేయించారు. పుట్టుకతో థైరాయిడ్ గ్రంథి పనిచెయ్యని జబ్బు. మన దేశంలో సుమారు వెయ్యి మంది పిల్లల్లో ఒకరికి ఉంటుంది. రోజుకో చిన్న మాత్ర, ఖర్చు రెండు మూడు రూపాయలు. పుట్టిన రెండు వారాల్లోపు మొదలుపెడితే పిల్లలు అందరిలాగే ఎదుగుతారు, చదువుకుంటారు. ఆలస్యమైతే పెరగాల్సిన మెదడు పెరగదు. ఆ బాబుకి మాత్ర మొదలయ్యాక ఒంట్లో బిగువొచ్చింది, నడిచాడు కూడా. లెక్కలు మాత్రం రాలేదు. ఇప్పుడు తండ్రి కిరాణా కొట్లో కూర్చుంటాడు, సరుకు అందిస్తాడు, చిల్లర మాత్రం వాళ్ల నాన్నే చూసుకోవాలి. నేనెప్పుడైనా ఆ వీధిలో వెళ్తే లేచి నిలబడి నమస్కారం పెడతాడు.

పుట్టిన 48 గంటల తర్వాత మడమ మీద గుచ్చి రెండు చుక్కల రక్తం తీసి చేసే పరీక్షలో ఇది తెలిసిపోతుంది. మీ ఆస్పత్రిలో చేశారో లేదో అడగండి. ‘అంతా బాగుంది’ అన్న కాగితం ఇచ్చినా సరే, టీఎస్‌హెచ్ విలువ ఎంతో అడగండి. ఏడవని బిడ్డ బంగారుకొండే కావచ్చు, కాకపోనూ వచ్చు.

అన్ని ప్రశ్నలూ బిడ్డని చూసే తేలవు. కొన్నిసార్లు తల్లిని చూడాలి. ఒకసారి మా నర్సరీకి ఒక బిడ్డ వచ్చింది. పుట్టగానే ఊపిరి సరిగ్గా తీసుకోలేదు, మిషన్ మీద పెట్టారు. ఒళ్లంతా మెత్తగా ఉంది, పాదాలు లోపలికి వంకర తిరిగి ఉన్నాయి, పై పెదవి గుడారంలా పైకి లేచి ఉంది. పురిట్లో ఊపిరాడక మెదడు దెబ్బతిందని అందరూ అనుకున్నారు. కానీ కేసు షీటులో ఒక మాట ఉంది. కడుపులో ఉమ్మనీరు చాలా ఎక్కువ, బిడ్డ కదలికలు తక్కువ. కడుపులోని బిడ్డ ఉమ్మనీరు మింగుతూ ఉండాలి. మింగే బలం లేకపోతే నీరు పేరుకుపోతుంది. అంటే జబ్బు పురిట్లో వచ్చింది కాదు, నెలల ముందు నుంచే ఉంది.

తల్లి మంచం దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. సన్నటి పొడుగు మొహం, వాలిన కనురెప్పలు. "నా చెయ్యి గట్టిగా పట్టుకోమ్మా" అన్నాను. పట్టుకుంది. "ఇప్పుడు వదిలెయ్యి." వదల్లేకపోయింది. వేళ్లు ఒక్కొక్కటిగా, అంటుకుపోయినవాటిని ఊడదీసినట్టు విడివడ్డాయి. చలికాలంలో బిందె పట్టుకుంటే ఇంకా ఎక్కువ సేపు పడుతుందని, చిన్నప్పటి నుంచీ ఇంతేనని, ఇది జబ్బని తనకి తెలియదని చెప్పింది. వాళ్ల నాన్నకి చిన్న వయసులోనే శుక్లాలు వచ్చాయట. జబ్బు పేరు మయోటోనిక్ డిస్ట్రోఫీ. తరం మారేకొద్దీ తీవ్రమవుతుంది. పుట్టుకతోనే కనిపించే రకం దాదాపు ఎప్పుడూ తల్లి నుంచే వస్తుంది. బిడ్డ జబ్బు తల్లి పిడికిట్లో దొరికింది. ఆ తర్వాత ఆవిడ గుండెకి ఈసీజీ తీయించాం, ఎందుకంటే ఈ జబ్బు పెద్దవాళ్లలో గుండె లయని కూడా దెబ్బతీస్తుంది. అలా ఒక రోగికి వెతికితే ఇద్దరు రోగులు దొరికారు.

ఇంకో రకం బిడ్డలు నెమ్మదిగా మోసం చేస్తారు. పుట్టినప్పుడు పాలు పీల్చే బలం ఉండదు, ట్యూబుతో పట్టాలి. మగబిడ్డ అయితే వృషణాలు కిందికి దిగి ఉండవు. నెలలు గడిచేకొద్దీ బిగువు వస్తుంది, ఇంట్లో అందరూ అమ్మయ్య అనుకుంటారు, డాక్టరు దగ్గరికి రావడం మానేస్తారు. మూడు నాలుగేళ్లు వచ్చేసరికి ఆకలి మొదలవుతుంది. తీరని ఆకలి. వంటింటికి తాళం వెయ్యాల్సినంత ఆకలి. 1956లో జ్యూరిక్ డాక్టర్లు రాసిన ఈ జబ్బుని ప్రాడర్-విల్లీ సిండ్రోమ్ అంటారు. పదిహేనో క్రోమోజోములో తేడా. పసితనంలోనే రక్తపరీక్షతో పేరు తెలిస్తే తిండి అలవాట్లు మొదటి నుంచీ దిద్దుకోవచ్చు, గ్రోత్ హార్మోన్ ఇవ్వొచ్చు. తెలియకపోతే, బొద్దుగా ఉన్నాడు దిష్టి తగులుతుంది అనుకుంటూ అయిదేళ్లు గడిచిపోతాయి.

అన్నట్టు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గురించి చెప్పాలి. ఏడో నెలలో పుట్టిన బిడ్డ మెత్తగా ఉండటం సహజం. కండరాల బిగువు కడుపులో ఆఖరి నెలల్లోనే వస్తుంది, కాళ్ల నుంచి మొదలై పైకి పాకుతుంది. ఆ పిల్లల్ని పుట్టిన తేదీ నుంచి కాకుండా, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కేసి చూడాలి. అలాగే బీపీ ఎక్కువై ఫిట్స్ రాకుండా తల్లికి మెగ్నీషియం ఇచ్చి ఉంటే బిడ్డ ఒకటి రెండు రోజులు మెత్తగా ఉండొచ్చు, తర్వాత తేరుకుంటుంది. తల్లికి మయస్తీనియా అనే జబ్బు ఉన్నా బిడ్డ కొన్ని వారాలు అలా ఉండి మామూలవుతుంది. అందుకే ఫైలు తెచ్చుకోమంటాం. కాన్పు కాగితాలు ఇంట్లో బీరువాలో పెట్టి, బిడ్డని మాత్రం తీసుకొస్తే మాకు సగం కథే వచ్చినట్టు.

ఇప్పటిదాకా చెప్పినవి పుట్టుకతో మెత్తగా ఉన్న పిల్లల సంగతి. నిన్నటిదాకా బాగా తాగి, బాగా ఏడ్చి, ఇవాళ ఉన్నట్టుండి వేలాడిపోయిన బిడ్డ విషయం పూర్తిగా వేరు. అది చాలావరకు ఒంట్లో చీము చేరడమో, రక్తంలో చక్కెర పడిపోవడమో. అక్కడ జన్యువులు వెతకం. నిమిషంలో చక్కెర చూస్తాం, రక్తం కల్చర్‌కి పంపి యాంటీబయాటిక్ మొదలుపెడతాం. అలాంటి బిడ్డకి పక్షిదోషం అని తాయెత్తు కట్టించి మర్నాడు తెచ్చినవాళ్లని చూశాను. ఆ ఒక్క రాత్రి చాలా ఖరీదైన రాత్రి. ఇంకో మాట, ఏడాది నిండేదాకా నాలుకకి తేనె రాయకండి. అందులో ఒక్కోసారి ఉండే బొటులిజం బీజాలు పసిబిడ్డ పేగులో మొలిచి కండరాలని చచ్చుబరుస్తాయి. ఇది అరుదే, కానీ దాని కోసం వదులుకునేది ఒక్క తేనె చుక్కే కదా.

పరీక్షల వరస మనిషిని బట్టి మారుతుంది. మెదడు అనుమానమైతే ఎమ్మారై, క్రోమోజోములు. కండరం అనుమానమైతే సీకే అనే రక్తపరీక్ష. నాలుక పెద్దగా ఉండి, ఎక్స్‌రేలో గుండె పెద్దదిగా కనిపిస్తే పాంపే జబ్బు, దానికి 2006 నుంచీ ఎంజైము చికిత్స ఉంది. ఎస్‌ఎంఏ అనుమానమైతే నేరుగా జన్యుపరీక్షే, నూటికి 95 మందిలో ఒకే చోట లోపం ఉంటుంది కాబట్టి త్వరగా తేలుతుంది. మా చదువుకునే రోజుల్లో కండరం ముక్క కోసి చూసేవాళ్లం. ఇప్పుడు చాలామందికి ఆ బాధ తప్పింది.

అన్నిటికంటే పెద్ద మార్పు మందుల్లో వచ్చింది. 2016 డిసెంబరులో అమెరికాలో ఎస్‌ఎంఏకి మొదటి మందు నుసినెర్సెన్‌కి అనుమతి దొరికింది, వెన్నులోకి ఇచ్చే ఇంజెక్షన్ అది. 2019లో ఒక్క డోసు జన్యుచికిత్స వచ్చింది, ధర 21 లక్షల డాలర్లు. ఆ అంకె పేపర్లో చదివిన రోజు నాకు ఆ పాప కళ్లే గుర్తొచ్చాయి. 2020లో నోటితో తాగే రిస్‌డిప్లామ్ వచ్చింది. మన దగ్గర దాని ధర సీసా ఆరు లక్షలు దాటేది. పేటెంటు మీద ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం నడిచి, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. ఆ వెంటనే హైదరాబాద్‌కి చెందిన నాట్కో సంస్థ అదే మందుని సీసా 15,900 రూపాయలకి తెచ్చింది. బరువు పెరిగేకొద్దీ మందు మోతాదు పెరుగుతుంది, జీవితాంతం వాడాలి, కాబట్టి ఇదీ మామూలు సంసారాలకి చిన్న ఖర్చు కాదు. అరుదైన జబ్బులకి 2021లో కేంద్రం తెచ్చిన విధానం కింద సహాయం అడగడానికి హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఒక కేంద్రంగా ఉన్నాయి.

ఈ మందులన్నిటికీ ఒక షరతుంది. చచ్చిన నరకణాన్ని ఏ మందూ లేపలేదు. మిగిలినవాటిని కాపాడగలదు, అంతే. లక్షణాలు బయటపడకముందే మొదలుపెట్టిన పిల్లలు కూర్చుంటున్నారు, చాలామంది నడుస్తున్నారు కూడా. ఆర్నెల్లకి మొదలుపెట్టిన పిల్లలకి అంత ఫలితం లేదు. మన దగ్గర పుట్టిన ప్రతి బిడ్డకీ ఈ పరీక్ష చెయ్యడం లేదు. కాబట్టి మూడో వారంలో ఎవరి కంట్లో పడిందన్నదే తేడా.

ముసలమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు వాళ్ల కోడలు నీళ్లు పోస్తోంది. మొన్న సంక్రాంతి ముందు ఆదివారం పొద్దున్నే ఫోను చేసింది.

"అమ్మగారూ, పడమటి వీధిలో పదకొండు రోజుల బాబండీ. కాళ్లు లాగితే ముడవటం లేదు. ఆళ్లు పండగెళ్లాక చూపిత్తామంటన్నారు."

"కళ్లు ఎలా ఉన్నాయి?" అని అడిగాను.

"కళ్లు మా చురుకండీ. నన్నే చూత్తన్నాడు."

పండగ దాకా ఆగొద్దని, ఇప్పుడే బయల్దేరమని చెప్పి చెప్పులు వేసుకున్నాను.